నింద, ప్రమాణం, మనస్సాక్షి: ‘ది క్రూసిబుల్’ నాటకం – ధర్మపురి ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

1692లో అమెరికాలోని సేలంలో జరిగిన మంత్రగత్తెల విచారణలను ఆధారంగా చేసుకొని ఆర్థర్ మిల్లర్ ‘ది క్రూసిబుల్’ నాటకం రచించాడు. ఈ నాటకంలోని నైతిక సంఘర్షణను చర్చించేటప్పుడు నాయకుడైన జాన్ ప్రాక్టర్ ఆత్మగౌరవాన్నే కేంద్రంగా తీసుకోవడం పరిపాటి. చేతబడి, బాణామతి నెపంతో నేటికీ హత్యలు జరుగుతున్న ఉత్తర తెలంగాణలో నిలబడి చదివితే ఈ నాటకం మరొక ప్రశ్న అడుగుతుంది. నింద వేసినవారు, దాన్ని విని ఊరుకున్నవారు తమ మాటకు ఎక్కడ జవాబు చెప్పాలి అన్నదే ఆ ప్రశ్న. సేలం చరిత్రను, ప్రహ్లాద కథను, మితాక్షరలోని దివ్యప్రమాణ నియమాలను, సమకాలీన చట్టాలను పక్కపక్కన ఉంచి ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలక పదాలు: ది క్రూసిబుల్, సేలం, ధర్మపురి, చేతబడి, ప్రహ్లాదుడు, దివ్యప్రమాణం, మనస్సాక్షి.

1. ఉపోద్ఘాతం

గోదావరి దక్షిణవాహినిగా ప్రవహించే ధర్మపురి ప్రసిద్ధ నృసింహక్షేత్రం. శేషప్ప కవి నరసింహ శతకం ద్వారా ఈ ఊరి పేరు తెలుగు బడులన్నింటికీ చేరింది. ఆలయ ప్రాంగణంలో యమధర్మరాజుకు గుడి ఉండడం ఈ క్షేత్రం ప్రత్యేకత. ధర్మపురికి వచ్చినవారికి యమపురి ఉండదని ఇక్కడి నానుడి. పుణ్యపాపాలు విచారించి తీర్పు చెప్పే దేవతను గుడి కట్టి కొలుస్తున్న ఊరు ఇది. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని ధర్మపురి 2016 అక్టోబరు 11 నుంచి జగిత్యాల జిల్లాలో భాగంగా ఉన్నది.

ఆ జిల్లా కేంద్రమైన జగిత్యాల ధర్మపురికి సుమారు 30 కిలోమీటర్ల దూరం. 2022 జనవరిలో ఆ పట్టణంలో, కులసంఘ సమావేశానికి జనం కూడిన సందర్భంలో, మంత్రాలు చేస్తున్నారన్న నెపంతో ఒక తండ్రిని, అతని ఇద్దరు కొడుకులను చంపారు. ఉత్తర తెలంగాణలో ఇటువంటి వార్త అదే మొదటిది కాదు. వార్తాపత్రికలు ఇలాంటి ఘటనలను ‘మంత్రాల నెపంతో హత్య’ అనే శీర్షికతో ప్రచురిస్తుంటాయి. ‘నెపం’ అన్న మాటలోనే ఒక తీర్పు ఉన్నది. చంపినవారు చెప్పిన కారణం కారణం కాదని పాఠకుడికి ఆ మాట చెబుతుంది. కాని ఆ తీర్పు హత్య జరిగిన మరునాడు వస్తుంది. హత్యకు ముందు, నింద ఊరంతా తిరుగుతున్న నెలల్లో, దానిని ‘నెపం’ అని నలుగురిలో అనగలిగినవారు ఎవరు అన్నది అడగవలసిన ప్రశ్న. ‘ది క్రూసిబుల్’ నాటకానికి ఈ ప్రాంతంతో గల సంబంధం ఇక్కడ మొదలవుతుంది.

2. సేలం: చరిత్ర, నాటకం

1692 తొలి నెలల్లో మసాచుసెట్స్‌లోని సేలం గ్రామంలో కొందరు బాలికలకు వింత మూర్ఛలు వచ్చాయి. వైద్యానికి లొంగని ఆ జబ్బుకు మంత్రగత్తెలే కారణమని పెద్దలు నిర్ణయించారు. మీకు హాని చేస్తున్నది ఎవరని బాలికలను అడిగారు. పేర్లు బయటకు రావడం మొదలైంది. 150 మందికి పైగా చెరసాల పాలయ్యారు. జూన్ 10 నుంచి సెప్టెంబరు 22 వరకు 19 మందిని ఉరి తీశారు. వారిలో 14 మంది స్త్రీలు, 5 మంది పురుషులు. అభియోగానికి సమాధానం చెప్పడానికి నిరాకరించిన జైల్స్ కోరీ అనే వృద్ధుణ్ణి బండరాళ్ల కింద అదిమి చంపారు. మరికొందరు చెరలోనే మరణించారు.

ఈ విచారణలకు ప్రాణం పోసినది ‘ఛాయాసాక్ష్యం’. నిందితుని ఛాయ తన వద్దకు వచ్చి పీడిస్తున్నదని బాధితురాలు చెబితే న్యాయస్థానం దానిని సాక్ష్యంగా స్వీకరించింది. ఆ సమయంలో నిందితుడు తన ఇంట్లో నిద్రపోతున్నా తప్పించుకొనే దారి లేదు. పైగా నేరం ఒప్పుకొన్నవారి ప్రాణాలు నిలిచాయి, కాదన్నవారు ఉరికంబం ఎక్కారు. సుమారు 50 మంది ఒప్పుకొన్నారు. ఒప్పుకోలు నమ్మకంగా కనబడాలంటే మరికొందరి పేర్లు చెప్పాలి. అందువల్ల ప్రతి ఒప్పుకోలూ కొత్త నిందలకు దారితీసింది.

చరిత్రకారులు ఈ ఘటనకు పలు కారణాలు చూపారు. పాల్ బోయర్, స్టీఫెన్ నిస్సెన్‌బామ్ 1974లో ప్రచురించిన గ్రంథంలో గ్రామంలోని ముఠా తగాదాలు, భూముల స్పర్ధలు నిందల వెనుక ఉన్నాయని నిరూపించే ప్రయత్నం చేశారు. మేరీ బెత్ నార్టన్ 2002లో సరిహద్దు యుద్ధభయాన్ని ప్రధాన కారణంగా చూపింది.

మిల్లర్ నాటకం 1953 జనవరి 22న న్యూయార్క్‌లో మొదటిసారి ప్రదర్శితమైంది. కమ్యూనిస్టుల పేర్లు చెప్పమని అమెరికన్ కాంగ్రెస్ సంఘం రచయితలను, కళాకారులను పిలిపించి ప్రశ్నిస్తున్న కాలమది. మిల్లర్ సహచరుడైన దర్శకుడు ఎలియా కజాన్ 1952 ఏప్రిల్‌లో ఆ సంఘం ముందు పేర్లు చెప్పాడు. 1956లో మిల్లర్‌నే పిలిచినప్పుడు ఆయన తన గురించి చెప్పాడు కాని ఇతరుల పేర్లు చెప్పలేదు. అందుకు 1957లో ధిక్కారనేరం మోపి శిక్షించారు. 1958లో అప్పీలులో ఆ తీర్పు రద్దయింది.

చరిత్రకు నాటకం చేసిన మార్పులలో ఒకటి ముఖ్యమైనది. చరిత్రలో ప్రాక్టర్ 60 ఏళ్ల రైతు, అబిగెయిల్ విలియమ్స్ 11, 12 ఏళ్ల బాలిక. మిల్లర్ ప్రాక్టర్ వయస్సు తగ్గించి, అబిగెయిల్ వయస్సు పెంచి, ఇద్దరి నడుమ గతంలో అక్రమసంబంధం ఉన్నట్లు కల్పించాడు. దీనివల్ల నాయకుడు నింద విషయంలో నిర్దోషి అయినా తన దృష్టిలో దోషిగానే ఉంటాడు. అతడు అబిగెయిల్ అబద్ధాన్ని బయటపెట్టాలంటే తన తప్పును సభలో చెప్పుకోవాలి. చాలాకాలం అతడు వెనుకాడడానికి అదే కారణం.

3. నిరూపణ పనిచేయని చోటు: ప్రహ్లాదుడు, బరోస్

ధర్మపురి ప్రాంత ప్రజలకు నృసింహుని కథ అంటే ప్రహ్లాదుని కథే. చిందు భాగవతుల ప్రదర్శనలలోనూ, యక్షగానాలలోనూ జనం తరతరాలుగా చూసిన కథ ఇది. తెలుగులో తొలి టాకీ చిత్రం కూడా ‘భక్త ప్రహ్లాద’ కావడం గమనార్హం. దీనిని భక్తికథగా వినడం అలవాటైన మనం ఇందులో ఒక విచారణ ఉన్నదన్న విషయాన్ని అంతగా పట్టించుకోలేదు.

విష్ణుపురాణం ప్రథమాంశంలో హిరణ్యకశిపుడు కొడుకును పాములతో కరిపిస్తాడు, ఏనుగులతో తొక్కిస్తాడు, నిప్పులో వేయిస్తాడు, విషం పెట్టిస్తాడు. ఇవేవీ ఫలించకపోవడంతో పురోహితులు ‘కృత్య’ను సృష్టించి ప్రహ్లాదునిపైకి వదులుతారు. కృత్య అంటే అభిచారక్రియతో పుట్టిన శక్తి. నేటి వాడుకలో చెప్పాలంటే ఇది చేతబడి. అది తిరిగివచ్చి పురోహితులనే చంపుతుంది. ప్రహ్లాదుడు తనను చంపబోయిన ఆ పురోహితులను బతికించమని ప్రార్థిస్తాడు. ఆ తరువాత తండ్రి అతణ్ణి అడిగే ప్రశ్న మన చర్చకు కీలకం. నీకు ఈ ప్రభావం మంత్రాదుల వల్ల కలిగినదా, సహజమైనదా అని అడుగుతాడు. అభిచారం చేయించినది రాజు పక్షమే అయినా, మంత్రాల అనుమానం మాత్రం బాలుని మీద పడింది. ఇతరులకు కీడు తలపెట్టనివానికి కీడు కలగదన్నది ప్రహ్లాదుడిచ్చిన సమాధాన సారాంశం.

నిప్పు, నీరు, విషం మన ధర్మశాస్త్రాల్లో దివ్యప్రమాణ సాధనాలు. వాటిని దాటినవాడు శుద్ధుడని శాస్త్రం చెబుతుంది. ప్రహ్లాదుడు నిప్పును దాటాడు, విషాన్ని దాటాడు, సముద్రాన్ని దాటాడు. అయినా అతడు శుద్ధుడని ప్రకటించడానికి ఎవరూ లేరు. అభియోగం మోపినవాడే న్యాయనిర్ణేత అయినందువల్ల ప్రతి నిరూపణా అనుమానానికి మరొక కారణంగా మారింది.

సేలంలో దీనికి సమానమైన ఘట్టం ఉన్నది. 1692 ఆగస్టు 19న ఉరికంబం ఎక్కిన మతబోధకుడు జార్జ్ బరోస్ క్రైస్తవ ప్రభుప్రార్థనను ఒక్క పొరపాటు లేకుండా చదివాడు. సైతానుతో ఒడంబడిక చేసుకొన్నవారు ఆ ప్రార్థనను తప్పు లేకుండా చెప్పలేరని అక్కడివారి నమ్మకం. జనంలో కలవరం పుట్టింది. గుర్రంపై ఉన్న కాటన్ మాథర్, సైతాను కూడా దేవదూత వేషం వేయగలడని చెప్పి ఆ కలవరాన్ని అణచాడు. ఉరి ఆగలేదు. అదే రోజున జాన్ ప్రాక్టర్‌ను కూడా ఉరి తీశారు. పరీక్ష నెగ్గినా ఓడినా ఫలితం ఒకటే అయినప్పుడు అది పరీక్ష కాదన్న విషయం ఆ జనంలో కొందరికైనా తోచి ఉండాలి. అక్కడ నోరు విప్పినవారి మాట నిలవలేదు.

4. ప్రాణమా, పేరా: నాటకంలోని నైతిక సంఘర్షణ

నాటకంలో సంఘర్షణ తీవ్రమయ్యే ఘట్టాలు రెండు. మూడవ అంకంలో ప్రాక్టర్ తన తప్పును సభలో ఒప్పుకొంటాడు. దానిని ధ్రువీకరించడానికి అతని భార్య ఎలిజబెత్‌ను పిలిపిస్తారు. ఆమె ఎన్నడూ అబద్ధమాడదని భర్తే సభకు చెప్పాడు. భర్త అప్పటికే ఒప్పుకొన్న సంగతి తెలియక, అతని పరువు కాపాడాలని ఆమె జీవితంలో మొదటిసారి అబద్ధమాడుతుంది. ఆ అబద్ధం అతణ్ణి ఉరికి దగ్గర చేస్తుంది. ఆమె ఉద్దేశం మంచిదే. కాని ఉద్దేశాన్ని వినే తీరిక ఆ న్యాయస్థానానికి లేదు.

రెండవది నాలుగవ అంకం. మంత్రగత్తెలను పట్టుకోవడానికి పుస్తకాలు మోసుకొని వచ్చిన రెవరెండ్ హేల్ ఈ అంకానికి పూర్తిగా మారిపోయాడు. నిందితులను కలిసి, అబద్ధమైనా సరే నేరం ఒప్పుకొని ప్రాణం దక్కించుకొమ్మని వేడుకొంటాడు. ప్రాణం కంటే విలువైన సిద్ధాంతం లేదన్నది అతని వాదం.

తెలుగు పాఠకుడికి ఈ వాదం కొత్తది కాదు. భాగవతం అష్టమస్కంధంలో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి ఏయే సందర్భాలలో అబద్ధమాడినా దోషం లేదో చెబుతాడు. ప్రాణాపాయం అందులో ఒకటి. పోతన పద్యం ద్వారా ఆ జాబితా తెలుగువారికి కంఠస్థం. అది ధర్మశాస్త్రం అంగీకరించిన మినహాయింపే కనుక శుక్రుడు అధర్మబోధ చేశాడనలేము. బలి దానిని శాస్త్రంతో ఖండించడు, ఆడినమాట తప్పి బతకడం తనకు చేతకాదంటాడు. ఈ బలి ప్రహ్లాదుని మనుమడన్నది గుర్తుంచుకోదగిన విషయం.

ప్రాక్టర్ మొదట హేల్ మాట వైపు మొగ్గుతాడు. ఒప్పుకోలుపై సంతకం కూడా చేస్తాడు. రెండు విషయాల దగ్గర ఆగిపోతాడు. ఇతరుల పేర్లు చెప్పడానికి అంగీకరించడు. సంతకం చేసిన కాగితాన్ని చర్చి తలుపుకు తగిలిస్తామంటే ఇవ్వడు. రెబెకా నర్స్ వంటివారు అబద్ధం ఒప్పుకోక మరణిస్తున్నప్పుడు తన పేరు వారికి వ్యతిరేకంగా సాక్ష్యమవుతుందని అతడు గ్రహిస్తాడు. కాగితం చింపివేసి ఉరికి వెళ్తాడు. బలికీ ప్రాక్టర్‌కూ గల తేడా ఇక్కడ తెలుస్తుంది. బలి ఆడిన మాట తనకూ వామనునికీ మధ్య ఉన్నది. ప్రాక్టర్ ఆడబోయే అబద్ధం బతికినవారి మీదా, చనిపోయినవారి మీదా కూడా పడుతుంది. శుక్రుని మినహాయింపు ఒక మనిషి ప్రాణాన్ని లెక్కలోకి తీసుకొన్నది. ఒకరి ఒప్పుకోలు మరొకరికి ఉరితాడు అయ్యే వ్యవస్థకు ఆ లెక్క సరిపోదు.

చరిత్రలోని ప్రాక్టర్ కూడా ఇదే పని మరొక విధంగా చేశాడు. 1692 జూలై 23న అతడు చెరసాల నుంచి బోస్టన్ మతగురువులకు లేఖ రాశాడు. తన కొడుకుతో సహా యువకులను మెడకూ మడమలకూ కలిపి కట్టి హింసించి ఒప్పుకోలు రాబట్టారని అందులో తెలిపాడు. విచారణను బోస్టన్‌కు మార్చమని, లేదా న్యాయమూర్తులనైనా మార్చమని కోరాడు.

5. సభలో ఉన్నవారు

ఉత్తర తెలంగాణ గ్రామంలో నింద సాగే తీరు వేరు. మొదట ‘ఎవరో చేసిండ్రు’ అంటారు. ఈ వాక్యంలో క్రియ ఉన్నది, కర్త లేడు. వరుసగా జబ్బులు, పశువుల చావు, పిల్లల మరణం సంభవించినప్పుడు కర్త కోసం వెతుకులాట మొదలవుతుంది. భూతవైద్యుడు తరచుగా దిక్కునో, పోలికనో మాత్రమే సూచిస్తాడు. పేరు పూరించేది ఇంటివారు, వాడవారు. పాతకక్ష, భూతగాదా, పంపకాల గొడవ ఆ పేరును సిద్ధంగా ఉంచుతాయి. ఆజాండే సమాజంపై 1937లో ప్రచురించిన గ్రంథంలో ఇవాన్స్-ప్రిచర్డ్ చెప్పిన ఉదాహరణ ప్రసిద్ధం. గాదె కూలితే చెదలు పట్టినందువల్లనే అని ఆజాండేలకు తెలుసు. సరిగ్గా ఈ మనుషులు దాని కింద కూర్చున్నప్పుడే ఎందుకు కూలింది అన్న ప్రశ్నకు మాత్రమే వారు మంత్రాన్ని సమాధానంగా తీసుకొంటారు. మన గ్రామాల్లో కూడా వైద్యం జబ్బు పేరు చెబుతుంది. మా ఇంటికే ఎందుకన్న ప్రశ్నకు జవాబు చెప్పదు.

మంత్రం స్పష్టంగా ఉచ్చరించలేకుండా చేయాలని నిందితుల పళ్ళు ఊడగొట్టడం తెలంగాణలో అనేక సందర్భాలలో నమోదైన క్రూరత్వం. దీని అర్థాన్ని ఆలోచించాలి. పళ్ళూడిన నోరు మంత్రంతోపాటు తన పక్షాన సమాధానం చెప్పే శక్తిని కూడా కోల్పోతుంది. సేలంలో అన్యాయమైనదే అయినా ఒక విచారణ ఉన్నది. ప్రాక్టర్‌కు సంతకం చేయడానికో, నిరాకరించడానికో ఒక కాగితం దొరికింది. మన ఊళ్ళలోని నిందితునికి చాలాసార్లు తనపై నింద ఉన్నదన్న సంగతి దాడి జరిగినప్పుడే తెలుస్తుంది. అతనికి ప్రాక్టర్ చివరి అంకం లేదు. అందువల్ల ఇక్కడ అంతరాత్మ పరీక్ష నిందితునికి కాక సభలోని మిగిలినవారికి ఎదురవుతుంది.

నాటకంలో ఆ మిగిలినవారికి ప్రతినిధులు మేరీ వారెన్, హేల్. ప్రాక్టర్ ఇంటి పనిమనిషి మేరీ, తామంతా నటిస్తున్నామని న్యాయస్థానంలో చెబుతుంది. తోటి బాలికలు ఆమెపైనే నింద మళ్ళించగానే తట్టుకోలేక ప్రాక్టర్‌ను సైతాను మనిషి అని తిరిగి వారిలో కలుస్తుంది. చరిత్రలోని మేరీ వారెన్ కూడా ఇదే చేసింది. ఆమెకు నిజం తెలియక కాదు. ఒంటరిగా నిజం మీద నిలబడడానికి కావలసిన రక్షణ ఆమెకు లేదు. కులసంఘంలో, వాడలో, బంధువుల్లో నింద అబద్ధమని తెలిసి కూడా మౌనంగా ఉండేవారి పరిస్థితి ఇదే. వద్దన్నవాడు మంత్రగాడి మనిషి అవుతాడు.

చారిత్రక హేల్ బెవర్లీ పట్టణ మతబోధకుడు. తన భార్యపైనే నింద పడిన తరువాత అతని అభిప్రాయం మారిందని చరిత్రకారులు చెబుతారు. 1697లో అతడు రాసిన గ్రంథం మరణానంతరం 1702లో వెలువడింది. నింద తన గడప తొక్కేదాకా మనస్సాక్షి మేల్కొనకపోవడం అతని ఒక్కని బలహీనత కాదు.

ఈ సందర్భంలో జనరంజక కథల పాత్రను ప్రస్తావించాలి. 2023లో విడుదలైన ‘విరూపాక్ష’ చిత్రంలో ఊరివారు దంపతులను అనుమానించి సజీవదహనం చేస్తారు. తరువాతి కథ క్షుద్రశక్తిని నిజం చేస్తుంది. క్షుద్రం నిజమైన చోట గుంపు తప్పు సగం మాఫీ అవుతుంది. మిల్లర్ మొదటి అంకంలోనే బాలికలు కల్పిస్తున్నారని ప్రేక్షకునికి తెలియజేశాడు. ఆ తరువాత ప్రేక్షకుడు మంత్రం ఉన్నదా లేదా అని ఆలోచించడు. తెలిసినవారు ఎప్పుడు మాట్లాడతారని ఎదురు చూస్తాడు. మూఢనమ్మకాలపై గ్రామాల్లో ప్రదర్శనలిచ్చే కళాబృందాలు ఈ నిర్మాణం నుంచి నేర్చుకోదగినది ఉన్నది. మంత్రాలు లేవని చెప్పడంతోపాటు, నింద మొదలైన రోజున పొరుగువాడు ఏం చేయాలో చూపించడం అవసరం.

6. నింద వేసినవాని బాధ్యత

విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలంలో మితాక్షర రచించాడు. జగిత్యాల సమీపంలోని పొలవాస ప్రభువులు ఆ చాళుక్యులకు సామంతులు. 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన దానిని ‘విజ్ఞానేశ్వరీయము’గా తెనిగించాడు. కనుక ఈ శాస్త్రం ఈ నేలకు దూరమైనది కాదు. యాజ్ఞవల్క్యస్మృతి, దానిపై మితాక్షర చెప్పే నియమాలు రెండు ఇక్కడ ప్రధానం. లిఖితం, భుక్తి, సాక్షులు అనే మానుషప్రమాణాలు లేనప్పుడే తుల, అగ్ని, జలం, విషం, కోశం అనే దివ్యాలకు వెళ్ళాలి. మహాభియోగాలలో అభియోక్త ‘శీర్షకస్థుడు’ కావాలి. అంటే నిందితుడు శుద్ధుడని తేలితే దండన తాను భరిస్తానని నింద వేసినవాడు ముందే ఒప్పుకోవాలి. నిప్పుతో, విషంతో నిజం తేల్చడం నేటి బుద్ధికి అంగీకారం కాదు. అయినా నింద వేయడానికి ఒక వెల ఉండాలన్న వివేకం ఆ నియమంలో ఉన్నది. రాజద్రోహం, పాతకం విషయాలలో మాత్రం శీర్షకం లేకుండానే దివ్యం జరపవచ్చునన్న మినహాయింపు కూడా ఆ స్మృతిలోనే ఉన్నది. అధికారం, సమాజం ఎక్కువగా భయపడే చోటనే నిందితుని రక్షణ సడలుతుందని ఈ మినహాయింపు చూపుతుంది. హిరణ్యకశిపుని సభలోనూ, సేలంలోనూ జరిగినది అదే.

సేలం సమాజం ఆలస్యంగానైనా బాధ్యతను గుర్తించింది. 1692 అక్టోబరులో ఇంక్రీజ్ మాథర్ ‘కేసెస్ ఆఫ్ కాన్షెన్స్’ గ్రంథంలో, ఒక నిర్దోషి శిక్షకు గురికావడం కంటే పదిమంది అనుమానితులు తప్పించుకోవడం మేలన్నాడు. ఆ నెలలోనే గవర్నర్ ఆ న్యాయస్థానాన్ని రద్దు చేశాడు. 1697 జనవరి 14న న్యాయమూర్తి శామ్యూల్ సూవల్ బోస్టన్ చర్చిలో లేచి నిలబడగా అతని క్షమాపణపత్రాన్ని మతగురువు చదివి వినిపించాడు. 12 మంది జ్యూరీ సభ్యులు కూడా క్షమాపణ రాశారు. నింద వేసిన బాలికల్లో ఒకరైన ఆన్ పట్నమ్ 1706లో చర్చి సమక్షంలో పశ్చాత్తాపం ప్రకటించింది. 1711లో బాధిత కుటుంబాలకు పరిహారం లభించింది. బ్రిటన్‌లో 1735 చట్టం మంత్రగత్తె అన్న అభియోగంపై విచారణలు జరపడాన్నే రద్దు చేసింది.

మన దేశంలో బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో, ఛత్తీస్‌గఢ్ 2005లో ఇటువంటి చట్టాలు తెచ్చాయి. బీహార్ చట్టం ఒకరిని ‘డాయన్’గా గుర్తించినవారికి 3 నెలల వరకు, ఛత్తీస్‌గఢ్ చట్టం ‘టోన్హీ’గా గుర్తించినవారికి 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష విధించింది. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో విస్తృతమైన శాసనాలు చేశాయి. తెలంగాణకు సరిహద్దులో ఉన్న ఈ మూడు రాష్ట్రాలూ, మహారాష్ట్ర, కర్ణాటక, ఛత్తీస్‌గఢ్, ప్రత్యేక చట్టాలు కలిగి ఉండగా తెలంగాణలో అటువంటి శాసనం లేదు. హత్య జరిగితే హత్యానేరం, దాడి జరిగితే దాడి నేరం నమోదవుతాయి. అంతకు ముందు నెలల తరబడి సాగిన నిందకు ప్రత్యేకంగా పేరు పెట్టిన శిక్ష లేదు. చట్టం ఒక్కటే హత్యలను ఆపుతుందని చెప్పలేము. నింద దశలోనే ఠాణా మెట్లెక్కడానికి బాధితునికీ, అతని పక్షాన నిలబడదలచిన పొరుగువానికీ అది ఒక ఆధారమవుతుంది. మేరీ వారెన్‌కు లేకపోయినది సరిగ్గా అటువంటి ఆధారమే.

7. ముగింపు

తెలుగులో అంతరాత్మకు పర్యాయంగా వాడే ‘మనస్సాక్షి’ అనే మాటలో సాక్షి ఉన్నాడు. మనుస్మృతి అష్టమాధ్యాయంలో సాక్షులను హెచ్చరించే సందర్భంలోనే ఆత్మకు ఆత్మే సాక్షి అన్న భావం వస్తుంది. అంటే మనస్సాక్షి ఏకాంతంలోని మథన మాత్రమే కాదు. అది సభలో ఇతరుని గురించి పలకవలసిన మాటకు సంబంధించినది కూడా. ఈ అర్థంలో చూసినప్పుడు ‘ది క్రూసిబుల్’లోని నైతిక సంఘర్షణ ప్రాక్టర్ ఒక్కనిది కాదు. ఎలిజబెత్, మేరీ వారెన్, హేల్, సూవల్ అందరూ అందులో భాగస్వాములు.

ఈ పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. నిందితుడు ఏ పరీక్ష నెగ్గినా అనుమానం తొలగని వ్యవస్థలో నిరూపణ భారాన్ని అతనిపై మోపడం అన్యాయం. ప్రహ్లాదుడు, బరోస్ ఇందుకు దృష్టాంతాలు. ఒకరి అబద్ధపు ఒప్పుకోలు మరొకరి ప్రాణం తీసేచోట ‘ప్రాణం కోసం అబద్ధం’ అన్న ధర్మశాస్త్ర మినహాయింపు చాలదు. నింద వేసినవాడు జవాబుదారీ కావాలన్న సూత్రం మన శాస్త్రంలో శీర్షక నియమంగా, పొరుగు రాష్ట్రాల చట్టాలలో శిక్షాస్మృతిగా ఉన్నది. తెలంగాణ గ్రామాల్లో అది ఆచరణకు రావలసి ఉన్నది. ఉత్తర తెలంగాణలోని నింద కథనాలను మౌఖికచరిత్రగా సేకరించి, నింద తొలిసారి పలికిన రోజు నుంచి దాడి రోజు వరకు ఎవరు ఏమన్నారో, ఎవరు ఏమీ అనలేదో నమోదు చేసే పరిశోధన ఈ దిశలో తక్షణావసరం. జగిత్యాలలో 2022 జనవరి నాడు కూడినది ఒక సభ. ఆ సభలో ఎవరో ఒకరు ముందుగా లేచి మాట్లాడవలసి ఉండింది.